రైలు ఛార్జీని కిలోమీటరు లెక్కన పోల్చడం ఎలా?

టికెట్ మీద ఉన్న మొత్తాన్ని దూరంతో భాగిస్తే కిలోమీటరుకు ఎంత పడిందో తెలుస్తుంది. ఖర్చు రాసుకోవడానికి ఆ అంకె చాలు. రెండు రైళ్లనో, రెండు తరగతులనో, దగ్గరి ఊరినీ దూరపు ఊరినీ పోల్చాలంటే మాత్రం చాలదు. టికెట్ ధరలో కిలోమీటర్లతో పెరిగే భాగం ఒకటి, ఎంత దూరం వెళ్లినా మారని భాగం ఇంకొకటి కలిసి ఉంటాయి. పైగా మనం ప్రయాణించే దూరం, రైల్వే డబ్బు తీసుకునే దూరం అన్నిసార్లూ ఒకటి కావు. ఈ రెండూ విడదీయకుండా చేసిన పోలిక దగ్గరి ప్రయాణాల్లో బాగా దారి తప్పిస్తుంది. దూరం పెరిగేకొద్దీ ఆ తప్పు చిన్నదవుతుంది.

ఇక్కడి అంకెలన్నీ భారతీయ రైల్వేకు చెందినవి. ఉదాహరణలు ఎక్కువగా సికింద్రాబాద్, విజయవాడ, విశాఖపట్నం, తిరుపతి దారుల్లోవి.

మొదటి మెట్టు: దేన్ని దేనితో పోలుస్తున్నారో తేల్చుకోండి

ప్రశ్నను బట్టి లెక్క మారుతుంది. "సికింద్రాబాద్ నుంచి తిరుపతికి ఏ రైలు చవక?" అన్నప్పుడు కిలోమీటర్ల గొడవే అక్కర్లేదు, మొత్తం ధరలు పక్కపక్కన పెడితే సరిపోతుంది. "ఈ రైలు దూరానికి తగ్గ ధరే తీసుకుంటోందా?" అన్నప్పుడు బేస్ ఫేర్‌ను, అంటే రుసుములు, పన్ను, భోజనం కలపని అసలు ఛార్జీని దూరంతో భాగించాలి. "ఇంకో వంద కిలోమీటర్లు ముందుకు వెళ్తే ఎంత పెరుగుతుంది?" అనేది మూడో రకం, దానికి తేడాల లెక్క వేయాలి. చాలామంది మూడో ప్రశ్నకు మొదటి లెక్క వేసి, జవాబు కుదరక తికమకపడతారు.

రెండో మెట్టు: సరైన దూరం పట్టుకోండి

గూగుల్ మ్యాప్‌లో కనిపించే రోడ్డు దూరం ఇక్కడ పనికిరాదు. ఐఆర్‌సీటీసీలో రైలు పేరు పక్కన షెడ్యూల్ తెరిస్తే ప్రతి స్టేషన్ ఎదురుగా దూరం ఉంటుంది. ఎక్కే స్టేషన్ అంకెను దిగే స్టేషన్ అంకెలోంచి తీసేయాలి. రిజర్వేషన్ టికెట్ మీద కూడా కిలోమీటర్లు అచ్చయి ఉంటాయి. ఈ రెండూ వేరుగా కనిపిస్తే టికెట్ మీది అంకెనే తీసుకోండి, డబ్బు కట్టింది దానికే కాబట్టి.

రెండు అంకెలూ తేడా రావడానికి కారణాలున్నాయి. కొన్ని మార్గాల్లో రైల్వే అసలు దూరాన్ని పెంచి లెక్కిస్తుంది. కొంకణ్ రైల్వే మార్గం ఇందుకు బాగా తెలిసిన ఉదాహరణ. గోవా, మంగళూరు వైపు వెళ్లే ప్రయాణాన్ని మామూలు మార్గంతో పోల్చేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

ఒకే జత ఊళ్ల మధ్య రెండు దారులు ఉండొచ్చు. సికింద్రాబాద్ నుంచి విజయవాడకు కాజీపేట, వరంగల్, ఖమ్మం మీదుగా దాదాపు 350 కి.మీ. నల్గొండ, గుంటూరు మీదుగా వెళ్తే అంతకన్నా ముప్పై కిలోమీటర్ల పైన తక్కువ. శాతవాహన మొదటి దారిలో, ఫలక్‌నుమా రెండో దారిలో నడుస్తాయి. తరగతి ఒకటే అయినా టికెట్ ధరలో కొద్ది తేడా కనిపిస్తే కారణం దూరమే, రైలు గొప్పదనం కాదు. జనరల్ టికెట్ తీసుకునేటప్పుడు ఏ దారి మీదుగా అని అడిగేదీ ఇందుకే. దగ్గరి దారి టికెట్‌తో చుట్టు దారి రైలెక్కితే తనిఖీలో ఇబ్బంది పడతారు.

మూడో మెట్టు: కనీస దూరం నిబంధన చూడండి

ఇక్కడే ఎక్కువమంది లెక్క తప్పుతుంది. మెయిల్, ఎక్స్‌ప్రెస్ రైళ్లలో ఒక్కో తరగతికి ఒక కనీస దూరం ఉంది. అంతకన్నా తక్కువ ప్రయాణించినా ఆ దూరానికి కట్టాల్సిందే:

- సెకండ్ క్లాస్: 50 కి.మీ.
- ఏసీ ఛైర్‌కార్: 150 కి.మీ.
- స్లీపర్: 200 కి.మీ.
- థర్డ్ ఏసీ, సెకండ్ ఏసీ, ఫస్ట్ ఏసీ: 300 కి.మీ.

సికింద్రాబాద్ నుంచి వరంగల్ దాదాపు 142 కి.మీ. థర్డ్ ఏసీలో వెళ్తే 300 కి.మీ.కి కడతారు, అంటే కూర్చున్న ప్రతి కిలోమీటరుకు రెండింతలకు పైగా. స్లీపర్‌లో 200 కి.మీ.కి కడతారు, దాదాపు ఒకటిన్నర రెట్లకు దగ్గర. ఛైర్‌కార్‌లో 150 కి.మీ.కే కాబట్టి వృథా దాదాపు లేదు. పగటిపూట రెండున్నర గంటల ప్రయాణానికి బెర్తు తీసుకోవడం ఎందుకు ఖరీదో ఈ మూడు అంకెలే చెబుతాయి.

ఈ నిబంధనను మీరే సరిచూసుకోవచ్చు. సికింద్రాబాద్ నుంచి ఖమ్మం దాదాపు 250 కి.మీ. వరంగల్, ఖమ్మం రెండూ 300 లోపే ఉన్నాయి కాబట్టి ఒకే రైల్లో థర్డ్ ఏసీ ఛార్జీ రెంటికీ ఒకటే రావాలి. స్లీపర్‌లో మాత్రం ఖమ్మానికి ఎక్కువ, ఎందుకంటే అది 200 దాటింది. రాజమండ్రి నుంచి విశాఖపట్నం 200 కి.మీ. చేరువలో ఉంటుంది. స్లీపర్ టికెట్‌కు కట్టిన డబ్బంతా అక్కడ ప్రయాణానికే పోతుంది.

కనీస దూరం లోపలి ప్రయాణాలకు రెండు అంకెలు రాసుకోవాలి: ఛార్జీ వేసిన దూరంతో భాగించినది ఒకటి, నిజంగా ప్రయాణించిన దూరంతో భాగించినది ఇంకొకటి. మొదటిది రైల్వే రేటు. రెండోది మీ జేబుకు పడిన రేటు.

నాలుగో మెట్టు: టికెట్ ధరను ముక్కలు చేయండి

రైల్వే వారి ఇండియన్ రైల్ వెబ్‌సైట్‌లో ఛార్జీల విచారణ పేజీ ఉంది. రైలు నంబరు, తేదీ, స్టేషన్లు, తరగతి ఇస్తే బేస్ ఫేర్, రిజర్వేషన్, సూపర్‌ఫాస్ట్, క్యాటరింగ్, జీఎస్టీ వేర్వేరుగా చూపిస్తుంది. ఈ పనికి ఇంతకన్నా మంచి చోటు లేదు. దూరంతో మారని రుసుములు ఇవి:

- రిజర్వేషన్: సెకండ్ సిట్టింగ్ 15, స్లీపర్ 20, ఛైర్‌కార్, థర్డ్ ఏసీ 40, సెకండ్ ఏసీ 50, ఫస్ట్ ఏసీ, ఎగ్జిక్యూటివ్ 60 రూపాయలు.
- సూపర్‌ఫాస్ట్: సెకండ్ క్లాస్ 15, స్లీపర్ 30, ఛైర్‌కార్, థర్డ్ ఏసీ, సెకండ్ ఏసీ 45, ఫస్ట్ ఏసీ, ఎగ్జిక్యూటివ్ 75 రూపాయలు.
- జీఎస్టీ: ఏసీ తరగతులకు, ఫస్ట్ క్లాస్‌కు 5 శాతం. స్లీపర్‌కు, సెకండ్ క్లాస్‌కు లేదు.

నంబరు 12, 20, 22తో మొదలయ్యే రైళ్లు మామూలుగా సూపర్‌ఫాస్ట్ కింద వస్తాయి. మన ప్రాంతంలో 17తో మొదలయ్యేవి మామూలు ఎక్స్‌ప్రెస్‌లు, వాటికి ఆ రుసుము ఉండదు. సూపర్‌ఫాస్ట్ రైలు ఆ రోజు ఎంత ఆలస్యంగా నడిచినా రుసుము మాత్రం రుసుమే.

ఈ స్థిర రుసుములు దూరం మీద ఎలా పలచబడతాయో చూడండి. స్లీపర్ సూపర్‌ఫాస్ట్‌లో రిజర్వేషన్ 20, సూపర్‌ఫాస్ట్ 30, కలిపి 50 రూపాయలు. 200 కి.మీ. ప్రయాణంలో ఇది కిలోమీటరుకు 25 పైసలు. 350కి 14 పైసలు, 700కి 7 పైసలు, 1,700 కి.మీ.కి 3 పైసలు. థర్డ్ ఏసీలో జీఎస్టీతో కలిపి 89.25 రూపాయలు. 300 కి.మీ.కి దాదాపు 30 పైసలు, 700కి 13 పైసలు, 1,700కి 5 పైసలు. విజయవాడకు వెళ్లే టికెట్‌నూ ఢిల్లీకి వెళ్లే టికెట్‌నూ మొత్తం ధరతో భాగించి పోలిస్తే, ముందు ఈ రుసుముల తేడాయే కనిపిస్తుంది.

ఒక పూర్తి లెక్క: సికింద్రాబాద్–తిరుపతి వందే భారత్

2023 ఏప్రిల్‌లో ఈ రైలు మొదలైనప్పటి ఛార్జీలు ముక్కలుగా తెలుసు కాబట్టి పద్ధతి నేర్చుకోవడానికి ఇవి బాగుంటాయి. ఇప్పటి ధరలు వీటికన్నా ఎక్కువ. దూరం 661 కి.మీ.

ఛైర్‌కార్: బేస్ ఫేర్ 1,168, రిజర్వేషన్ 40, సూపర్‌ఫాస్ట్ 45, జీఎస్టీ 63, క్యాటరింగ్ 364. మొత్తం 1,680 రూపాయలు.

ఎగ్జిక్యూటివ్: బేస్ ఫేర్ 2,399, రిజర్వేషన్ 60, సూపర్‌ఫాస్ట్ 75, జీఎస్టీ 127, క్యాటరింగ్ 419. మొత్తం 3,080 రూపాయలు.

మొత్తాన్ని భాగిస్తే ఛైర్‌కార్ కిలోమీటరుకు 2.54, ఎగ్జిక్యూటివ్ 4.66 రూపాయలు. భోజనం తీసేస్తే 1.99, 4.03. బేస్ ఫేర్ ఒక్కటే అయితే 1.77, 3.63. మొత్తం ధరలో ఎగ్జిక్యూటివ్ 1.83 రెట్లు కనిపిస్తుంది, బేస్ ఫేర్‌లో 2.05 రెట్లు. భోజనం ధరలో రెండు తరగతులకూ తేడా 55 రూపాయలే కావడంతో అసలు తేడా మొత్తంలో కొంత మరుగున పడింది. ఖరీదైన సీటుకు నిజంగా ఎంత ఎక్కువ కడుతున్నామో తెలియాలంటే బేస్ ఫేర్‌నే చూడాలి.

అదే రైలు తిరుగు ప్రయాణంలో ఛైర్‌కార్ 1,625 రూపాయలు. దూరం అదే, సీటు అదే, 55 రూపాయలు తక్కువ. పొద్దున సికింద్రాబాద్‌లో బయలుదేరితే టిఫిన్, మధ్యాహ్న భోజనం వస్తాయి. మధ్యాహ్నం తిరుపతిలో ఎక్కితే టీ, రాత్రి భోజనం. క్యాటరింగ్ 364 కాస్తా 308 అయింది. బేస్ ఫేర్ 1,169గా ఒక్క రూపాయి పెరిగింది. చివరి మొత్తాన్ని 5 రూపాయల గుణిజానికి సరిచేసే పద్ధతి వల్ల వచ్చే తేడా అది, పట్టించుకోనక్కర్లేదు. బుక్ చేసేటప్పుడు భోజనం వద్దని ఎంచుకుంటే క్యాటరింగ్ మొత్తం తగ్గుతుంది. మామూలు ఎక్స్‌ప్రెస్ ఏసీ ఛార్జీతో వందే భారత్‌ను పోల్చేటప్పుడు భోజనం తీసేసిన అంకెనే వాడాలి, లేదంటే పోలిక సరితూగదు.

ఐదో మెట్టు: టెలిస్కోపిక్ రేటు లెక్కలోకి తీసుకోండి

మామూలు రైళ్ల బేస్ ఫేర్ దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకు తగ్గుతూ పోతుంది. దీన్నే టెలిస్కోపిక్ రేటు అంటారు. కరెంటు బిల్లు స్లాబులకు ఇది తలకిందులు: అక్కడ ఎక్కువ వాడితే యూనిట్ రేటు పెరుగుతుంది, ఇక్కడ ఎక్కువ దూరం వెళ్తే కిలోమీటరు రేటు తగ్గుతుంది. కాబట్టి 300 కి.మీ. టికెట్‌నూ 1,500 కి.మీ. టికెట్‌నూ సగటు రేటుతో పోల్చి "దూరపు రైలు చవక" అనడం సరికాదు. రైలు చవక కాలేదు, దూరం పెరిగిందంతే.

దీన్ని సరిగ్గా చూడాలంటే తేడాల లెక్క వేయండి. ఒకే రైలు, ఒకే తరగతి, ఒకే రోజు తీసుకోండి. సికింద్రాబాద్ నుంచి విజయవాడకు ధర, సికింద్రాబాద్ నుంచి విశాఖపట్నానికి ధర రాసుకోండి. రెండోదాంట్లోంచి మొదటిది తీసేసి, ఆ తేడాను అదనపు దూరమైన 350తో భాగించండి. స్థిర రుసుములు రెండింట్లోనూ ఉన్నాయి కాబట్టి తీసివేతలోనే పోతాయి. మిగిలేది ముందుకు వెళ్లిన ప్రతి కిలోమీటరుకు పడిన ఖరీదు. విజయవాడ దాకా పడిన సగటు కన్నా ఇది తక్కువ రావాలి. ఎక్కువ వచ్చిందంటే ఎక్కడో రెండు వేర్వేరు రైళ్లో, తత్కాల్ కోటానో కలిసిపోయి ఉంటుంది.

ఛార్జీల పట్టికలో దూరాలు స్లాబులుగా ఉంటాయి. దగ్గరి దూరాల్లో స్లాబు ఇరుకు, దూరం పెరిగేకొద్దీ వెడల్పు. రెండు పక్కపక్క స్టేషన్లకు ఒకే ధర రావడం, ఆ తర్వాతి స్టేషన్‌కు ఒక్కసారిగా పెరగడం ఇందువల్లే. తేడాల లెక్కకు కనీసం వంద కిలోమీటర్ల ఎడం ఉన్న స్టేషన్లు తీసుకుంటే ఈ స్లాబు తేడాలు అంతగా ఇబ్బంది పెట్టవు.

అన్ని రైళ్లూ టెలిస్కోపిక్ కావు. 2026 జనవరిలో మొదలైన హౌరా–కామాఖ్య వందే భారత్ స్లీపర్‌లో జీఎస్టీ కాకుండా థర్డ్ ఏసీ కిలోమీటరుకు 2.40, సెకండ్ ఏసీ 3.10, ఫస్ట్ ఏసీ 3.80 రూపాయలు. కనీస దూరం 400 కి.మీ. అంటే థర్డ్ ఏసీ కనీస ఛార్జీ 960, వెయ్యి కిలోమీటర్లకు 2,400. రేటు ఎక్కడా తగ్గదు. ఇలాంటి రైలును మామూలు ఎక్స్‌ప్రెస్‌తో 400 కి.మీ. దగ్గర పోల్చి వచ్చిన నిష్పత్తిని వెయ్యి కిలోమీటర్లకు వర్తింపజేయకూడదు. దూరం పెరిగేకొద్దీ రెంటి మధ్య అంతరం వెడల్పవుతుంది.

ఆరో మెట్టు: టికెట్‌ను రెండుగా విరిస్తే ఎంత?

నేరుగా బెర్తు దొరకనప్పుడు సికింద్రాబాద్–విజయవాడ, విజయవాడ–విశాఖపట్నం అని రెండు టికెట్లు తీసుకునేవారు చాలామంది. ఇందులో మూడు చోట్ల అదనంగా పడుతుంది. స్థిర రుసుములు రెండుసార్లు: స్లీపర్ సూపర్‌ఫాస్ట్‌లో 50, థర్డ్ ఏసీలో 89 రూపాయలు. టెలిస్కోపిక్ లాభం పోతుంది, రెండో 350 కి.మీ.కీ మళ్లీ మొదటి స్లాబుల రేటే. ఆన్‌లైన్ కన్వీనియెన్స్ ఫీజు కూడా రెండుసార్లు. ఒక భాగం కనీస దూరానికి లోపల పడితే నష్టం ఇంకా పెరుగుతుంది. థర్డ్ ఏసీలో ఒక ముక్క 142 కి.మీ. ఉంటే అది 300గా మారుతుందని గుర్తుపెట్టుకుని, ఏ స్టేషన్ దగ్గర విరవాలో చూసుకోండి.

మధ్య స్టేషన్‌కు కేటాయించిన బెర్తుల కోటా లేనప్పుడు రైలు మొదలయ్యే స్టేషన్ నుంచి బుక్ చేసి, బోర్డింగ్ స్టేషన్ మార్చుకోవడం ఇంకో దారి. దూర ప్రయాణాల్లో ఇది తరచుగా విరవడం కన్నా చవక, ఎందుకంటే పెరిగిన కిలోమీటర్లకు తక్కువ రేటు పడుతుంది, స్థిర రుసుములు ఒక్కసారే. బోర్డింగ్ మార్చడం మరచిపోతే మాత్రం మొదటి స్టేషన్‌లో ఎక్కలేదని బెర్తు వేరేవారికి పోవచ్చు.

నాలుగైదు ఊళ్లు తిరిగి బయలుదేరిన చోటికే చేరే యాత్రలకు సర్క్యులర్ జర్నీ టికెట్ అడగండి. మొత్తం దూరాన్ని సగం చేసి, ఆ సగానికి రెండు ఒంటివైపు టికెట్ల లెక్కన ఛార్జీ వేస్తారు, కాబట్టి టెలిస్కోపిక్ లాభం నిలుస్తుంది. మధ్యలో ఎనిమిది చోట్ల వరకు దిగొచ్చు.

ఏడో మెట్టు: ధర పెంచే అదనాలను విడిగా రాయండి

స్లీపర్, ఏసీ తరగతుల్లో తత్కాల్ రుసుము బేస్ ఫేర్ మీద 30 శాతం, కానీ కింద పైన హద్దులున్నాయి. స్లీపర్‌లో కనీసం 100, గరిష్ఠం 200. థర్డ్ ఏసీలో 300 నుంచి 400, సెకండ్ ఏసీలో 400 నుంచి 500. దగ్గరి ప్రయాణానికి ఈ కనీస హద్దే దెబ్బ. 200 కి.మీ. స్లీపర్ ప్రయాణంలో 100 రూపాయలంటే కిలోమీటరుకు 50 పైసలు. 1,700 కి.మీ.కి గరిష్ఠంగా 200 కట్టినా 12 పైసలు దాటదు. సంక్రాంతికి విజయవాడ వెళ్లడానికి థర్డ్ ఏసీ తత్కాల్ తీసుకుంటే 350 కి.మీ.కి కనీసం 300 అదనం, కిలోమీటరుకు 86 పైసలు. అందుకే తత్కాల్ టికెట్‌ను మామూలు టికెట్‌తో ఒకే వరుసలో పెట్టకూడదు.

రాజధాని, శతాబ్ది, దురంతో రైళ్లలో 2016 సెప్టెంబరు 9 నుంచి ఫ్లెక్సీ ఫేర్ వచ్చింది. ప్రతి 10 శాతం బెర్తులు నిండినప్పుడల్లా బేస్ ఫేర్ 10 శాతం పెరుగుతుంది. మొదట గరిష్ఠం ఒకటిన్నర రెట్లు ఉండేది, తర్వాత 1.4 రెట్లకు తగ్గించారు. ఈ రైళ్ల ధర ఏ రోజు చూశారో తేదీ రాయకపోతే పోలికకు అర్థం లేదు.

కన్వీనియెన్స్ ఫీజు మనిషికి కాదు, టికెట్‌కు. యూపీఐతో కడితే జీఎస్టీతో కలిపి స్లీపర్ వంటి నాన్ ఏసీకి 11.80, ఏసీకి 23.60 రూపాయలు. కార్డుతో అయితే 17.70, 35.40. ఆరుగురు ఒకే స్లీపర్ టికెట్ మీద వెళ్తే తలా రెండు, మూడు రూపాయలు. ఒక్కరే 200 కి.మీ. వెళ్తే కిలోమీటరుకు ఆరు నుంచి తొమ్మిది పైసలు. కౌంటర్లో ఇది లేదు.

అయిదేళ్లు నిండి పన్నెండు నిండని పిల్లలకు బెర్తు తీసుకుంటే పూర్తి ఛార్జీ, వద్దంటే సగం. కుటుంబం మొత్తం ధరను తలల లెక్కన భాగించేటప్పుడు బెర్తు లేని పిల్లను ఒక మనిషిగా లెక్కేస్తే సగటు అబద్ధం చెబుతుంది.

పాత టికెట్లతో పోల్చేటప్పుడు

గడచిన కొన్నేళ్లలో ఛార్జీలు చాలాసార్లు మారాయి. 2020 జనవరి 1న ఆర్డినరీ రైళ్లకు ఒక పైసా, మెయిల్, ఎక్స్‌ప్రెస్ నాన్ ఏసీకి రెండు పైసలు, ఏసీకి నాలుగు పైసలు కిలోమీటరుకు పెంచారు. 2025 జులై 1న మెయిల్, ఎక్స్‌ప్రెస్ నాన్ ఏసీకి ఒక పైసా, ఏసీకి రెండు పైసలు. 2025 డిసెంబరు 26న మెయిల్, ఎక్స్‌ప్రెస్‌లో అన్నింటికీ రెండు పైసలు. అంటే 2025 మొదట్లో కొన్న ఏసీ టికెట్‌ను ఇప్పటి దాంతో పోలిస్తే 700 కి.మీ.కి బేస్ ఫేర్‌లోనే దాదాపు 28 రూపాయల తేడా ఉండాలి. స్లీపర్‌లో 21.

కొవిడ్ తర్వాత ప్యాసింజర్ రైళ్లకు ఎక్స్‌ప్రెస్ ఛార్జీ తీసుకున్నారు, కనీస టికెట్ 30 రూపాయలుండేది. 2024 ఫిబ్రవరి చివర్లో మళ్లీ 10 రూపాయలైంది. ఆ మధ్య కాలపు మెము, డెము ప్యాసింజర్ రైళ్ల టికెట్లను పోలికలోకి తేకండి. వృద్ధుల రాయితీ 2020 మార్చి 20 నుంచి ఆగింది కాబట్టి అంతకుముందు ఇంట్లో పెద్దవాళ్ల పేరున కొన్న టికెట్లూ పనికిరావు.

రోజూ తిరిగేవారికి

సీజన్ టికెట్ గరిష్ఠంగా 150 కి.మీ. దాకా ఇస్తారు. వరంగల్–సికింద్రాబాద్ ఆ హద్దులోనే ఉంది. మూడు నెలలది నెల ధరకు 2.7 రెట్లు, ఆరు నెలలది 5.4, ఏడాదిది 10.8 రెట్లు. భాగించి చూస్తే మూడూ నెలకు 0.9 రెట్లే. పది శాతం ఆదా మూడు నెలల టికెట్‌తోనే వచ్చేస్తుంది, ఏడాదికి ఒకేసారి కడితే ధరలో అదనపు లాభం లేదు. వరుసలో మళ్లీ నిలబడే పని తప్పుతుందంతే. సూపర్‌ఫాస్ట్ రైళ్లు ఎక్కాలంటే అదనపు రుసుము ముందే కట్టాలి, ఆ మొత్తాన్నీ కిలోమీటర్ల లెక్కలో కలపండి. కిలోమీటరు ఖర్చు తేల్చడానికి నెల ధరను మీరు నిజంగా వెళ్లే రోజుల సంఖ్యతో, రెండు వైపుల దూరంతో భాగించాలి. వారానికి రెండు మూడు రోజులే ఆఫీసుకు వెళ్లేవారు ఈ లెక్క వేసుకుని, ఆ రోజులకు విడి టికెట్ల ఖర్చుతో సరిచూసుకున్నాకే సీజన్ టికెట్ కొనాలి.